ఆమేన్ తర్వాత మాట

నిన్న మధ్యాహ్నం మగవాళ్ల వార్డులో ఎవరో ఇనుప స్టూలును నేల మీద బర్రున ఈడ్చారు. ఆ చప్పుడుకు నా పళ్లు జివ్వుమన్నాయి. తల తిప్పి చూస్తే మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. చేతిలో బైబిలు, ముఖంలో బోలెడు ఉత్సాహం. "ఎత్తి పెట్టమ్మా, ఈడ్చొద్దు" అన్నాను. అన్న తర్వాత గానీ ఆ మాట నాది కాదని గుర్తు రాలేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున, ఇదే వార్డులో, నాకు పని నేర్పిన కరుణమ్మ గారు నాతో అన్న మాట అది. "ఈడ్సొద్దప్పా సామేలూ. పక్క మంచంలో మనిసికి అప్పుడే కునుకు పట్టింటాది."

తిరుపతి పొలిమేరలో, కొండ కనిపించే చోట ఉన్న మిషన్ ఆస్పత్రి మాది. రోగుల పక్కన కూర్చోవడం, వాళ్లు చెప్పుకునేది వినడం, అడిగితే ప్రార్థన చేయడం మా పని. కాగితాల మీద ఆ ఉద్యోగాన్ని చాప్లెయిన్ అంటారు. వార్డుల్లో ఆ మాటకు ఎవరికీ నోరు తిరగదు. అందుకని ఆమె ప్రార్థనమ్మ అయ్యారు, నేను ప్రార్థనయ్యనయ్యాను. ఆమె అంతకు ముందు చాలా ఏళ్లు ఇక్కడే నర్సుగా చేశారు. పొట్టి మనిషి, తెల్లచీర, చేతికి పెద్ద మగవాళ్ల గడియారం. ఏ మంచం దగ్గరికి వెళ్లినా ముందు స్టూలు ఎత్తి తెచ్చుకుని, తన కళ్లు రోగి కళ్ల కన్నా కిందికి ఉండేలా కూర్చునేవారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "తిన్న్యావా?" రోజుకు అరవైమందిని ఆ ప్రశ్న అడిగినా, అరవైసార్లూ జవాబు కోసం ఆగేవారు. దేవుడి మాట అవతలివాళ్లు ఎత్తితే తప్ప ఆమె ఎత్తేవారు కాదు.

నేను అందుకు పూర్తిగా తలకిందులు. చిత్తూరులో మా చర్చిలో మైకు పాడైనా నా గొంతు చివరి వరుసకు వినిపిస్తుందని పేరుండేది. ఆ పేరును భద్రంగా ఆస్పత్రికి కూడా మోసుకొచ్చాను. మొదటి వారంలోనే ఆమె నన్ను వరండాలోకి పిలిచి, "ఆ మనిసికి కాలు నొప్పప్పా, చెవుడు కాదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వేదాంతం చదువుకుని వచ్చినవాణ్ణి నేను, ఈమె మందుబిళ్లలు పంచిన నర్సు అనుకున్నాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

ఆ అహంకారానికి మందు పూతలపట్టు నుంచి వచ్చింది. మునిరత్నం అని, బెల్లం వండే రైతు. ఒంట్లో చక్కెర జబ్బు ముదిరి పాదాలకు స్పర్శ పోయింది. పొయ్యి ముందు నిప్పు తొక్కి కూడా తెలియక, బెల్లంపాకం కొప్పెర దించేదాకా అలాగే నిలబడ్డాడట. చెరుకుపాకం మధ్య పుట్టి పెరిగినవాడికి చక్కెర జబ్బేమిటని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. మా దగ్గరికి వచ్చేసరికి పాదం నల్లబడింది. మోకాలి కింద తీసేయాలని డాక్టరు గారు చెప్పిన సాయంత్రం, ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"నీ దేవుడికే చెప్పు సామీ. ఎవురైతే ఏమి, కాలు మిగిలితే సాలు."

నేను ప్రార్థన చేశాను. వార్డంతా వినేలా చేశాను. ఆమేన్ అన్నాక ఆయన భుజం తట్టి, "భయపడొద్దు పెద్దాయనా, మీ కాలికి ఏమీ కాదు" అన్నాను. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి, నా పని నేను బాగా చేశానని పొంగిపోయాను.

మరుసటి రోజు ఉదయం డాక్టరు గారు మా గదిలోకి వచ్చారు. కూర్చోలేదు.

"మీ ప్రార్థన బాగా పనిచేసింది సామేలు గారూ. ఆయన ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టనంటున్నాడు. కాలికేం కాదని ప్రార్థనయ్య చెప్పాడంట. విషం పైకి పాకుతోంది. ఈ రోజు తీయకపోతే రేపు మనం తీయడానికి కాలు కాదు, మనిషే ఉండడు."

ఆయన వెళ్లిపోయారు. కరుణమ్మ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "నిన్న ఏం జరిగిందో మాట మాటా చెప్పు" అన్నారు. చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పార్థనలో తప్పు లేదప్పా. అడిగినాడు, చేసినావు. ఆమేన్ అయినాక ఒక మాట అన్న్యావే, అది తప్పు. ప్రశ్న దేవుడికి పంపించి, జవాబు నువ్వే చెప్పేసినావు."

"ఇప్పుడేం చేయాలమ్మా?"

"పోయి తప్పు చెప్పినానని చెప్పు."

"ఇంక నన్ను నమ్ముతాడా?"

"నమ్మకపోతే పోనీలే. నీ మీద నమ్మకం పోతే నీకు నష్టం. సంతకం పెట్టకపోతే ఆయనకి పానం పోతాది. యాది పెద్దదో నువ్వే సూసుకో."

ఆ వరండా పొడవు నూరడుగులు కూడా ఉండదు. ఆ రోజు నాకు అది అలిపిరి నుంచి కొండెక్కినంత దూరం అనిపించింది. ఆమె నా వెనకే వచ్చారు. స్టూలు నేనే ఎత్తి మంచం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. మునిరత్నం భార్య వల్లెమ్మ కాళ్ల దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ నన్ను చూసి దండం పెట్టారు.

"పెద్దాయనా, నిన్న మీ కాలికేం కాదని చెప్పాను. అది నాకు తెలిసి చెప్పిన మాట కాదు. తప్పు చేశాను."

"అంటే? పార్థనంతా అబద్దమా?"

"ప్రార్థన అబద్ధం కాదు. మీరు బతకాలనే అడిగాను. దేవుడు ఏం చేస్తాడో నాకెలా తెలుస్తుంది? తెలిసినట్టు చెప్పాను."

ఆయన గోడ వైపు తిరిగాడు. నాకు ఇంకా మాట్లాడాలని ఉంది. క్షమాపణలూ, వాక్యాలూ నోటి దాకా వస్తున్నాయి. కరుణమ్మ గారు వంగి నా చెవిలో, "నోరు ఊరుకోకపోతే సేతుల్తో స్టూలు పట్టుకో" అన్నారు. రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకున్నాను. ఇనుము చల్లగా ఉంది. ఆమె మాత్రం వల్లెమ్మను "తిన్న్యావా?" అని అడిగారు. తినలేదని చెప్పడానికి నోరు తెరిచిన వల్లెమ్మ, అసలు సంగతి చెప్పేసింది.

"మా పాపకు పెండ్లయి పదేండ్లు పిల్లల్లేరమ్మా. బిడ్డ పుడితే కాలినడకన కొండెక్కుతానని ఈయన మొక్కుకున్న్యాడు. పోయిన నెల మనవడు పుట్టినాడు. మొక్కు తీరకముందే కాలు తీసేస్తే సామి ఏమనుకుంటాడని ఈయన బయం."

ఆయన పక్కన కూర్చుని ప్రార్థన కూడా చేశాను. ఈ సంగతి అడగాలని నాకు తోచలేదు. ఆయన భయం నొప్పి గురించి కాదు, చావు గురించీ కాదు. ఇచ్చిన మాట గురించి.

"మొక్కింది ఎవురికో, ఆయన్నే అడగరాదా నాయనా?" అన్నారు కరుణమ్మ గారు.

"ఈడ్నుంచి యాడ అడిగేదమ్మా?" అన్నాడు మునిరత్నం, గోడ వైపు తిరిగే.

ఆమె లేచి మంచం తలవైపు ఉన్న కిటికీ తెరిచారు. "సామేలూ, ఆ పక్క పట్టుకో." నేనూ ఆమే వల్లెమ్మా కలిసి మంచాన్ని నెమ్మదిగా తిప్పాం. కిటికీలో ఎండలో కొండ, దాని మీద గోరంత తెల్లగా గాలిగోపురం. మునిరత్నం మోచేతుల మీద లేచి చూశాడు. చేతులు జోడించాడు. ఏదో మాట్లాడుకున్నాడు. మేం పక్కకు జరిగాం. కరుణమ్మ గారు గోడ పక్కన తల వంచుకుని నిలబడ్డారు. కాసేపటికి ఆయన చెంపలు తుడుచుకుని, "ఆ కాయితం తీసుకురమ్మను" అన్నాడు.

నాకు లోపల ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. బయటికి వచ్చాక, "చర్చివాళ్లం మనం ఇలా చేయొచ్చా అమ్మా?" అని అడిగాను.

"ఏం చేసినాం? మంచం తిప్పినాం. అంతే గదప్పా" అన్నారామె, గడియారం చూసుకుంటూ.

ఆపరేషన్ గదికి తీసుకెళ్లేటప్పుడు మునిరత్నం నన్ను రమ్మన్నాడు. ఆశ్చర్యపోయాను. బండి పక్కన నడుస్తుంటే చెయ్యి అందించాడు. "ఊరికే రా సామీ. ఈ తూరి ఏం సెప్పొద్దు." ఆపరేషన్ గది తలుపు దాకా ఆ చెయ్యి పట్టుకునే నడిచాను.

ఆయన బతికాడు. కొన్ని నెలలకు గుండుతో, చంకకర్రలతో వచ్చాడు. తాను బస్సులో కొండకు పోయాడట. మెట్లన్నీ వల్లెమ్మ నడిచింది. మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెడుతూ, ఇది ఆయన కాలు, ఇది నా కాలు అని లెక్క చెప్పుకుంటూ ఎక్కిందట. డబ్బాలో లడ్డూ తెచ్చారు. మావాళ్లలో చాలామంది ప్రసాదం ముట్టరు. కరుణమ్మ గారు రెండు చేతులతో అందుకున్నారు. తిన్నారో లేదో నాకు తెలియదు, అడగలేదు. డబ్బా మాత్రం ఉత్తది తిరిగివ్వకూడదని కడిగించి, తన పెరట్లోని జామకాయలు నింపి వల్లెమ్మకు ఇచ్చారు.

రిటైరైన నాలుగేళ్లకు ఆమె మా ఆస్పత్రికే రోగిగా వచ్చారు. ఇక మందులు పనిచేయవని ఆమెకు మాకన్నా ముందే తెలుసు. రోజూ వెళ్లేవాణ్ణి. స్టూలు ఎత్తి పెట్టుకుని, తిన్నారా అని అడిగేవాణ్ణి. ఒకరోజు ఆమే ప్రార్థన చేయమన్నారు. చిన్న గొంతుతో చేశాను. ఆమేన్ అన్నాక ఆమె కళ్లు తెరిచి సూటిగా నా నోటి వైపు చూశారు. తగ్గిపోతుందమ్మా అనాలని ఉంది. అంతగా అనాలని నాకు ఎవరి దగ్గరా అనిపించలేదు. నాకు ఆమె కావాలి. రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆమె నా చేతుల వైపు చూసి, చిన్నగా నవ్వి, కళ్లు మూసుకున్నారు.

నిన్న ఆ కొత్త అమ్మాయి స్టూలు ఎత్తి పెట్టి, కూర్చుని, ప్రార్థన చేసింది. ఆమేన్ అయ్యాక రోగి తల్లి మా ఇద్దరినీ చూసి, "మా వాడికి తగ్గిపోతాది గదా సామీ?" అంది. నా నాలుక చివరికి ఆ పాత మాట వచ్చింది. ఇన్నేళ్లయినా వస్తుంది. చేతులతో పట్టుకోవడానికి స్టూలు నా దగ్గర లేదు. మంచం ఇనుప కమ్మీ పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"తిన్నావా అమ్మా?" అన్నాను, జవాబు కోసం ఆగాను.