తలకిందుల పలక

మా అమ్మాయి నిన్న సుద్దముక్కల డబ్బా తెచ్చింది. తన పాపను బడికి పంపదట, ఇంట్లో తానే చదువు చెబుతుందట. మూత తీయగానే వచ్చిన వాసనకు ధర్మవరంలో మా నాయన మగ్గం గుర్తొచ్చింది.

నాయనదీ అదే మాట. "బడెందుకు? అక్షరాలు ఈడే నేను నేర్పిస్తా" అన్నాడు అమ్మతో.

మగ్గం గుంతలో కాళ్లు పెట్టి పట్టుచీర నేసే మనిషి మాటిమాటికీ లేవలేడు. అందుకే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పలక మా ఇద్దరి మధ్య నేలమీద పెట్టి, ఉన్న చోటునుంచే వంగి రాసేవాడు. నేను కండెలకు దారం చుట్టడం ఆపి దిద్దేదాన్ని. ఆరు నెలల్లో అక్షరాలన్నీ వచ్చేశాయి.

అయినా అమ్మ పట్టుబట్టి బడిలో చేర్పించింది. మొదటిరోజే నా పలక చూసి పిల్లలు పగలబడి నవ్వారు. నా అక్షరాలన్నీ తలకిందులుగా ఉన్నాయి. నాకు మాత్రం సారు బోర్డుమీద రాసినవే తప్పనిపించింది.

"మా నాయన ఇట్లే రాస్తాడు. మీరే తప్పు రాసినారు!" అన్నాను.

సారు నవ్వలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి పలక చూశాడు. "ఒక్క తప్పూ లేదు పాపా. మీ నాయన నీకు ఎదురుగా కూర్చోని నేర్పినాడా?"

సాయంత్రం ఆ సంగతి విని నాయన మగ్గం ఆపాడు. గుంతలోంచి పైకొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వు కూర్చున్న తావు నుంచి నేనెప్పుడూ చూడలేదు గదమ్మా. రేపు కూడా బడికి పో."

మా అమ్మాయికి ఇదంతా చెప్పాను. "ఇంట్లో నేర్పు, వద్దనను. కానీ పాప పలక ఇంకొకరు కూడా చూడాల్సిందే. సోమవారం నేనే బడికి తీసుకుపోతా."