టికెట్ మీద లేని గంటన్నర

ఆ రోజుల్లో ఫోన్‌లో ఏది కనిపిస్తే అదే వేదమని నమ్మేవాణ్ణి. దాన్ని ఇంకొకరికి చదివి వినిపించేటప్పుడు నా గొంతు కూడా కాస్త పెద్దదయ్యేది. కాలేజీలో రెండో ఏడు. సూరత్‌లో మా బస్తీ మొత్తానికి విమానం టికెట్ చదవగల మొనగాణ్ణి నేనేనని నా అభిప్రాయం. (ఎక్కడం మాట దేవుడెరుగు, విమానాన్ని దగ్గర్నుంచి చూసింది కూడా లేదు.) ఖటోదరాలో మగ్గాలు నడిపే నాన్నకూ, ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుట్టే అమ్మకూ నా మాటంటే గురి. అందుకే అక్కకు షార్జాలో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె వెళ్లడమా మానడమా అన్నది చివరికి నా నోటి మీదికి వచ్చింది.

అమ్మ ఒకటే షరతు పెట్టింది. "రెండు గంటల కన్న ఎక్కువ గాలిల ఉంచేటట్టైతే నేను పంప. జర మంచిగ చూసి చెప్పు." రెండే ఎందుకో ఆమెకూ తెలీదు, అడిగే ధైర్యం మాకూ లేదు. నేను టికెట్ తెరిచాను. సూరత్‌లో బయల్దేరేది తొమ్మిదిన్నరకు, షార్జాలో దిగేది పదకొండుకు. "గంటన్నరనే అమ్మా. భీవండిల చిన్నమ్మ ఇంటికి పోయినంత సేపు గూడ పట్టది" అన్నాను. అక్క ఏదో చెప్పబోయి నోరు మూసుకుంది. అమ్మ సరేనంది.

ఆ ఉదయం అక్కను విమానాశ్రయంలో దింపి ఇంటికొచ్చాం. పదకొండైంది, ఫోన్ రాలేదు. మేం చేస్తే స్విచ్ఛాఫ్. పదకొండున్నరకు నాన్న చొక్కా కూడా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు. పక్కింటి గుజరాతీ మాసీ చాయ్ తెచ్చి, "చింతా నహీ కరో, బెన్" అని అమ్మకు ధైర్యం చెబుతూ తానే ఏడుపు మొదలెట్టింది. ఆ చాయ్ ఎవరూ ముట్టలేదు. పన్నెండుకు అమ్మ నన్ను మెల్లగా, కోపం లేకుండా అడిగింది: "గంటన్నరనే అన్నవు గద బేటా?" నా మాట మీదే అక్క వెళ్లింది. ఆమెకేమైనా అయి ఉంటే ఈ ఇంట్లో నేను ఏ మొహం పెట్టుకుని బతకాలో తెలియలేదు.

పన్నెండూ నలభైకి ఫోన్ మోగింది. "ఇప్పుడే దిగిన. ఈడ పదకొండు దాటి పది నిమిషాలైంది" అంది అక్క. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక నడుస్తుందట. ప్రయాణం మూడు గంటలట. ఆ సంగతి తనకు ముందే తెలుసట. "చెప్తే నువ్వు పంపకపోతుంటివి అమ్మా" అని ఏడ్చింది.

అమ్మ తిట్టలేదు. "ఏమన్న తిన్నవా?" అని మాత్రం అడిగింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగింది. "ఇంకో గంటన్నర నేను గీడ కూసున్న బిడ్డా. గది నీ టికెట్ల లేకుండె" అని లేచి పొయ్యి వెలిగించింది.

ఇప్పుడు నేను టికెట్లు బుక్ చేసే ఆఫీసులోనే పనిచేస్తున్నాను. (నవ్వుకోండి, నేనూ నవ్వుకుంటాను.) ఏ తల్లి వచ్చి ఎంతసేపు పడుతుందని అడిగినా ఓ గంట కలిపే చెబుతాను. అయినా, గొంతు పెంచి గంటన్నర అన్న ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు. వాడికి లెక్క సరిగ్గా వచ్చి ఉంటే ఆ రోజు అమ్మకు అంత నరకం ఉండేది కాదు. అక్కకు షార్జా కూడా ఉండేది కాదు.