పంట వచ్చినా రాకపోయినా

నా భర్త తరఫు వకీలు విడాకుల ఒప్పందం చదివి వినిపిస్తుంటే ఒక్క చోట ఆపించాను. కూతురి కాలేజీ ఖర్చు తండ్రే భరిస్తాడని రాశారు, బాగానే ఉంది. దాని కిందే, ఏటా వేరుశనగ పంట చేతికొచ్చాక కడతాడని రాశారు.

ఉరవకొండలో ఆ ఆఫీసు చిన్న గది. వకీలు, నా భర్త, అతని అన్న, నేను. టీలు మాత్రం మూడే వచ్చాయి. బిడ్డ పుడితే పదకొండో రోజుకు గానీ చూడ్డానికి రాని మనిషి, నా ఎదురుగా టీ ఊదుకుంటూ తాగాడు. ఇవన్నీ మరిచిపొమ్మని మా అక్క అంటుంది. నేను మరిచిపోను.

"ఆ మాట తీసేయండి సార్," అన్నాను.

"ఏమ్మా, మన పక్క ఎవురైనా చెనిక్కాయలు పీకినాకే కదా కట్టేది," అన్నాడు బావ. "ఎరువులంగడోడే ఒప్పుకుంటాడు. నీకేం కష్టం?"

నిజమే. మా విడపనకల్లు పక్క అప్పులు, చీటీలు, పెళ్లిళ్లు కూడా పంటకే వాయిదా వేస్తారు. కాలేజీ మాత్రం వానను చూసి తెరవదు. ఇంటరు రెండో ఏడు చదువుతున్న నా బిడ్డ నర్సింగు చేస్తానంటోంది. గడువులోగా ఫీజు కట్టకపోతే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

"పోయినేడు పంట వచ్చిందా బావా?"

"యాడొచ్చింది? వాన లేకపాయె."

"అంతకు ముందేడు?"

"కాయ కట్టే ఊడలు దిగే టయానికి ఎండబెట్టె."

"దానికి ముందు?"

"తిక్క ప్రశ్నలు! ఏటా పంట పోయిందని బీమాకు రాసిస్తానే ఉండాం కదా, నీకు తెల్దా?"

అన్నాక గాని తానేం ఒప్పుకున్నాడో బావకు అర్థం కాలేదు. వకీలు నవ్వు ఆపుకున్నాడు.

అప్పుడు నా భర్త నోరు తెరిచాడు. "నా మీద నమ్మకం లేదా?"

"లేదు."

"దుడ్లు యాడ తేవల్ల నేను?"

"ట్రాక్టరు బాడుగకు తిప్పుతాండావు కదా. వాన పడకపోయినా కంకర తోలేది ఆగలేదే."

"అమ్మా, ఈ ఒక్క మాటకు ఒప్పుకుంటే తొందరగా అయిపోతుంది," అన్నాడు వకీలు.

"ఆలస్యం కానీండి సార్. పదిహేడేండ్లు ఓపిక పట్టినాను."

మూడుసార్లు ఆ గదిలోంచి అలాగే లేచి వచ్చాను. నాలుగోసారి బావ రాలేదు. పంట వచ్చినా రాకపోయినా, చదువు అయ్యేదాకా ఫీజూ హాస్టలు ఖర్చూ గడువులోగా నేరుగా కాలేజీకే కట్టాలని కొత్త కాగితంలో ఉంది. రెండుసార్లు చదివాను. అతను పెన్ను నా చేతికివ్వకుండా బల్ల మీద పడేశాడు. తీసుకుని సంతకం చేశాను.

బిడ్డకు సీటు వచ్చిన రోజే గడువు తేదీ అతని ఫోనుకు పంపాను. రెండు రోజులాగి మళ్లీ పంపాను, ఈసారి ఒప్పందం ఫోటోతో. మరునాడు కాలేజీకి పోతే ఫీజు జమయిందన్నారు. రసీదు తీసుకుని, వచ్చే ఏడాది ఎప్పటిలోగా కట్టాలో అక్కడే అడిగి రాసుకున్నాను.