మా ప్రూఫు మాస్టారి కాళ్లనొప్పులు

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మాస్టారు మొన్న తెల్లవారుజామున పోయారు. నిద్రలోనే పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెబితే, ఏడుపు కన్నా ముందు ‘పోన్లే, ఇబ్బంది పడలేదు’ అనిపించింది.

కంప్యూటర్ నాకెవరూ నేర్పలేదు. చూసి, పాడుచేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. రాజమండ్రిలో పెళ్లికార్డులు వేసే ఆ ప్రెస్సులో టైపు చేసేవాణ్ణి. కంప్యూటర్‌కి ఏసీ పెట్టించిన ఓనరు, దాని ముందు కూర్చునేవాడికి మాత్రం వీపు విరిగిన కుర్చీ వేశాడు. ఆ కోపం ఇంకా పోలేదు. పోవాలనీ లేదు.

మాస్టారికి మెడ తిరిగేది కాదు. ఏళ్ల తరబడి బల్లమీద కాగితం పెట్టుకుని వంగి చదివిన ఫలితం. వెనకనుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవారు. దిద్దిన ప్రూఫు మాత్రం ఏనాడూ నా దగ్గరికి తెచ్చేవారు కాదు.

“తెచ్చివ్వొచ్చుగా మాస్టారూ? అవతల పెళ్లివారు నెత్తిమీద కూర్చున్నారు.”

“కాళ్లనొప్పులయ్యా. నువ్వే లేచి వచ్చి తీసుకో.”

టీకి మాత్రం గోదావరి గట్టుదాకా నడిచెళ్లేవారు. నాకు ఒళ్లు మండేది.

ఒక ముహూర్తాల సీజన్లో మెడ పట్టేసి, కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. మౌసు పట్టు దొరికేది కాదు. ఈ పని పోతే నాకు వేరే పని రాదు. అందుకే ఎవరికీ చెప్పలేదు. మాస్టారే కనిపెట్టి ఆసుపత్రికి లాక్కెళ్లారు. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, “ఎముకలు బాగానే ఉన్నాయి. కండరాలు బిగుసుకుపోయాయి. కూర్చునే తీరు మార్చుకో, తగ్గిపోతుంది” అన్నారు. బయటికొచ్చి మెట్లమీద కూలబడ్డాను. పని పోదన్నమాట.

“నా కాళ్లకేంరా, రాళ్లలా ఉన్నాయి” అన్నారు మాస్టారు, పక్కన కూర్చుంటూ. “నిన్ను కుర్చీలోంచి లేపడానికి ఇంకో దారి దొరకలేదు. చెబితే వినే రకమా నువ్వు?”

మర్నాడు కార్డుల ఆల్బములు మానిటర్ కింద పేర్చి, రాతప్రతిని తెర పక్కన క్లిప్పుతో నిలబెట్టారు. “అక్షరం నీ కళ్లదగ్గరికి రావాలిగానీ, నువ్వెళ్లి దాని కాళ్లమీద పడకూడదు.”

ఓనరు గొణిగాడు: “ఆ ఆల్బములు కస్టమర్లకి చూపించాలండీ.”

“కొత్తవి కొని చూపించండి.”

కంప్యూటర్ ముందు కూర్చునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఓనరు కుర్చీ మారుస్తాడని ఎదురుచూడకండి. తెరని కళ్లెత్తుకి లేపండి. పని మధ్యలో లేచి తిరగండి. చెయ్యి తిమ్మిరెక్కితే దాచకండి, డాక్టరుకి చూపించుకోండి.

నిన్న వాళ్లబ్బాయి నన్నూ పాడె పట్టమన్నాడు. వెదురు మెడని ఒరుసుకుంటూ భుజంమీదకి దిగుతుంటే ఒక్క క్షణం భయమేసింది. ఏమీ కాలేదు. రేవు మెట్లు దిగుతుంటే వెనకాయన, “భుజం మార్చుకుంటావా బాబూ?” అన్నాడు.

“అక్కర్లేదండి” అన్నాను. గోదావరి గాలికి బంతిపూల రేకులు నా మెడమీద రాలుతూనే ఉన్నాయి.