చిన్న పెట్టెకు తొలి మొక్కు

పటాన్‌చెరులో నేను పనిచేసే షెడ్డులో సర్వర్ కంప్యూటర్లు బిగిస్తాం. నేను బడికి పోలేదు, నాన్నే ఇంట్లో చదువు చెప్పారు. అయినా ఈ పని దొరికింది. అందుకే రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాకే స్క్రూడ్రైవర్ పడతాను.

బ్లేడు సర్వర్లంటే అల్మారాలో పుస్తకాల్లా పక్కపక్కనే నిలబడే సన్నటి కంప్యూటర్లు. లోపల అదనపు పనుల కోసం ఒక ఎలక్ట్రానిక్ కార్డు పెడదామన్నా చోటుండదు. మా ఇంజనీరమ్మ కార్డును బయట చిన్న పెట్టెలో పెట్టి, కేబులుతో బ్లేడుకు కలిపింది. ఓనరుకు అది మొదటినుంచీ నచ్చలేదు. పరీక్షలో కార్డు పేరు కంప్యూటరు తెర మీద కనిపించకపోతే పెట్టె పని ఆపేసి, ఆమెను స్టోర్సులో కూర్చోబెడతానన్నాడు.

పరీక్ష రోజు ఓనరు కొబ్బరికాయ కొట్టి, బ్లేడులు బిగించిన పెద్ద ఇనుప అల్మారాకు బొట్టు పెట్టి, తన చేత్తో దాని స్విచ్చే ముందు వేశాడు. మా దగ్గర మొదటి మర్యాద ఎప్పుడూ పెద్ద యంత్రానికే. ఆ తర్వాత చిన్న పెట్టె స్విచ్చి వేశాడు. తెర మీద కార్డు పేరు కనిపించలేదు.

బ్లేడు నిద్ర లేచేటప్పుడు మాత్రమే చుట్టూ ఎవరున్నారో చూసుకుంటుందనీ, తర్వాత వచ్చినవాళ్లను పట్టించుకోదనీ, అందుకే పెట్టెను ముందు వెలిగించాలనీ ఇంజనీరమ్మ బతిమాలింది. పెద్దదాన్ని కాదని చిన్నదాన్ని ముందు మొదలుపెడితే అరిష్టమన్నాడాయన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు జాలితోపాటు కొంచెం కొంటెతనమూ పుట్టింది. కొబ్బరి ముక్కల పళ్లెం పట్టుకుని ఓనరు దగ్గరికి వెళ్లాను.

"సార్, శివుని గుడికి పోతే ముందుగాల ఎవరికి మొక్కుతరు?"

"వినాయకునికి. గదెందుకిప్పుడు?"

"ఆయన శివునికన్న పెద్దోడా సార్?"

ఓనరు పెట్టె వైపు తిరిగాడు. అది పొట్టిగా ఉంది. ఫ్యాను ఉన్నచోట రేకు బొజ్జలా ఉబ్బింది. ముందునుంచి లావుపాటి కేబులు వంపు తిరిగి వేలాడుతోంది. ఆయన చెప్పులు విడిచాడు. ఇంజనీరమ్మ దగ్గు వచ్చినట్టు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇదేందో ముందే చెప్పొద్దా బిడ్డా," అని ఆమెనే కసిరాడు.

అన్నీ ఆపించి, పెట్టెకు బొట్టు పెట్టి, దాని స్విచ్చి వేసి, కళ్లు మూసుకుని మొక్కాడు. తర్వాతే అల్మారా జోలికి వెళ్లాడు. తెర మీద కార్డు పేరు వచ్చింది.

ఇంకొన్ని పెట్టెలు చేయమన్నాడు. ఏ పనైనా పద్ధతి తెలుసుకుని చేయాలని ఇంజనీరమ్మకు చాలాసేపు బుద్ధి చెప్పాడు. ఆమె తల వంచుకుని అన్నీ విన్నది. సాయంత్రం నేను ఇంటికి వెళ్లి ఉండ్రాళ్లు చేశాను. ఒక ఆడపిల్ల పని నిలబడటానికి ఆ స్వామి తన బొజ్జను కూడా వాడుకోనిచ్చాడు. ఎన్ని పెట్టినా తక్కువే.