గంట తేడా

పూర్ణా మార్కెట్ వెనక సందులో తొంభైకి దగ్గరపడ్డ ఒక పెద్దావిడ ఉంది. ఓ రోజు అట్ట ఊడిన నోటు పుస్తకం నా చేతిలో పెట్టింది.

యుద్ధకాలంలో వాళ్ళ నాన్న రేవులో గుమాస్తా. చంద్రుడి నడకను పట్టుకుని, రాబోయే వందేళ్ళలో ప్రతి పున్నమి ఉదయం రేవులో పోటు ఎన్నింటికి నిండుతుందో పెన్సిలుతో లెక్కగట్టాడు. ఆ వేళలు శత్రువుకు తెలియకూడదని అప్పట్లో అచ్చు వేయనివ్వలేదు. యుద్ధం ముగిశాక చూసిన అధికారులు, గంట తేడా వస్తోంది, పనికిరాదని తిప్పి పంపేశారు. ఆయన మళ్ళీ ఆ పుస్తకం తెరవలేదట.

"నాన్న లెక్క తప్పంటే నేను నమ్మలేను బాబూ. పోయేలోగా నా కళ్ళతో చూసుకోవాలి," అంది.

తర్వాతి పున్నమికి పొద్దున్నే ఆటోలో జెట్టీకి తీసుకెళ్ళాను. పుస్తకంలో ఆ రోజుకి తొమ్మిదీ నలభై అని ఉంది. పోర్టు వార్తలు రాసిన రోజుల నుంచి నన్ను ఎరిగిన జాలరి మెట్ల మీద వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి చెప్పాను.

"సముద్రం కాయితం సూసి వత్తాదేటి బావా?" అని నవ్వాడు.

ఎనిమిదీ నలభై దాటగానే తడిసిన మెట్టు చూపించాడు. "పోటయిపోనాది. నీరు తీత్తంది. మీ అయ్య గంట ఆలీసమైపోనాడు అమ్మమ్మా."

ఆవిడ ముఖం వాడిపోయింది. పుస్తకం మూసి, నీళ్ళకేసి చూసింది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, యుద్ధంలో కొత్త టైము అనేవారు. గడియారాలన్నీ గంట ముందుకు తిప్పించారు. చలికాలం చీకట్లోనే బడికి పోయేవాళ్ళం. యుద్ధం అయిపోయాక మళ్ళీ వెనక్కి తిప్పారు."

అదీ ఆ గంట తేడా. ఆయన తన గోడ మీది గడియారం ప్రకారం రాశాడు. ఊరందరిదీ అదే టైము కనుక, ఆ ముక్క విడిగా రాయాలని తోచి ఉండదు. తిప్పి పంపినవాళ్ళూ ఆలోచించలేదు. ఆ తర్వాత ఎన్ని తుపాన్లు! రేవును ఎన్నిసార్లు తవ్వారో! ఎనభై ఏళ్ళ కిందట ఒక గుమాస్తా చెప్పిన వేళకే నీళ్ళు ఈ మెట్టు ఎక్కాయి. ముప్ఫై ఏళ్ళు ఈ నీటి పక్కనే తిరిగి వార్తలు రాసినవాణ్ణి, దీనికి ఇంత మాట పట్టింపు ఉందని ఎరగను.

జాలరి వల పక్కన పెట్టాడు. నవ్వడం లేదు.

"అమ్మమ్మా, వచ్చే పున్నానికి ఎంతన్నాడు మీ అయ్య?"

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని వరుస మీద వేలు పెట్టింది.

"తొమ్మిదింబావు. అందులో గంట తీసెయ్యి," అంది.