నాలుగు తొట్లకు ఒకే ఆవిరి

పదవీ విరమణ చేసిన మరుసటి ఏడాదే నాకు మళ్లీ బాయిలర్ లెక్క వేసే అవకాశం వచ్చింది. ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే పని. అయినా కబురు అందగానే పటమటలో మా ఇంటి నుంచి ఆటోనగర్‌కు దాదాపు పరుగు మీద వెళ్లాను.

అక్కడ బాయిలర్లు కట్టే భాయ్ నాకు పాత పరిచయం. ఆయన షెడ్డులో పెడన నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. చేనేత కుటుంబం. భర్త పోయాక నూలుకు రంగులు వేసే పని ఆవిడే నడుపుతోంది. తొట్ల కింద కట్టెలు పెట్టి కాచడంతో వేడి ఒక్కోదానిలో ఒక్కో రకంగా ఉండి, చీరల్లో చారలు తేలుతున్నాయట. ఇంకోసారి అలా జరిగితే వేరేచోట రంగు వేయించుకుంటామని నేతగాళ్లు చెప్పేశారట.

తొట్లు నాలుగు, ఒక్కోదానిలో నాలుగువందల లీటర్ల నీళ్లు. గంటకు వంద కిలోల ఆవిరి ఇచ్చే బాయిలర్ చాలన్నది భాయ్ అంచనా. ఒకదాని తర్వాత ఒకటి కాచుకుంటే నిజంగానే చాలు. కానీ పని జరిగే తీరు చూడకుండా లెక్క కట్టడం నాకు అలవాటు లేదు. రేకు కోయవద్దని చెప్పి, మర్నాడు తొలి బస్సుకు పెడన వెళ్లాను.

అక్కడ చూశాక నా ఉత్సాహం ఆగలేదు. ఒక పడుగుకు, అంటే నిలువు పోగులకు, కావలసిన నూలు ఒక తొట్టిలో పట్టదు. చిలపలను, అంటే నూలు చుట్టలను, నాలుగింటికీ పంచి, నాలుగూ ఒకే వేడికి వచ్చాక ఒక్కసారే ముంచుతారు. అదీ పొద్దున్నే జరిగితేనే నూలు ఆ పూట ఎండకు ఆరుతుంది. అంటే నాలుగు తొట్ల భారమూ ఆ మొదటి గంట మీదే!

అరుగు మీదే కూర్చుని లెక్క మొదలుపెట్టాను. బావి నీళ్ల వేడి ముప్పై డిగ్రీలు, కావలసింది తొంభై. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ కావాలి. మొత్తం తొంభై ఆరు వేలు. కిలో ఆవిరి నీరవుతూ ఐదువందల పైచిలుకు ఇస్తుంది. రెండువందల కిలోలకు కాస్త తక్కువ వచ్చింది. మూతల్లేని తొట్లు, పొడుగాటి గొట్టాలు మింగేది కూడా కలిపి రెండువందల యాభై వేశాను.

ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆటోనగర్ వచ్చి ఆ అంకె చెబితే భాయ్ నవ్వారు.

"మీరు వెళ్తే బాయిలర్ పెరుగుతుందని నాకు తెలుసు సార్. పెళ్లికెళ్లి వంటవాణ్ణి హడలగొట్టే రకం మీరు."

ఆవిడ మాత్రం నవ్వలేదు. "చిన్నదో పెద్దదో నాకు తెలీదండీ. నాలుగూ ఒకేసారి కాగుతాయా, కాగవా? అది చెప్పండి."

"కాగుతాయమ్మా. గంటలోపే."

బాయిలర్ ఇన్‌స్పెక్టర్ గారి అనుమతి వచ్చాక పెడనలో తొలిసారి ఆవిరి వదిలిన రోజు భాయ్ కూడా వచ్చారు. నేను మాత్రం కూర్చోలేకపోయాను. ధర్మామీటరు పట్టుకుని ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి తిరుగుతూనే ఉన్నాను. నాలుగూ కలిసి తొంభైకి చేరాయి. గంట ఇంకా కాలేదు.

మధ్యాహ్నం ఆవిడ ఒక్కో తొట్టి నూలు నుంచి ఒక్కో ఆరిన చిలప తీసి, కలగలిపి, ఎండలో పక్కపక్కన పరిచింది.

"ఏది ఏ తొట్టిదో చెప్పండి భాయ్" అంది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, వంగి, తిరగేసి చూశారు.

"చెప్పలేనమ్మా."

ఆవిడ ఆ నాలుగు చిలపలూ భుజాన వేసుకుని మగ్గాల వీధిలోకి నడిచింది.